చిన్న ఫ్యాక్టరీలో ఎవరికి ఏ పని నేర్పాలి? ఒక చార్టు పేపరుతో తేల్చుకునే పద్ధతి

“శిక్షణ ఇప్పించాం సార్, ఏమీ మారలేదు.” చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా చిన్న ఫ్యాక్టరీ నడిపేవారు ఎవరు కలిసినా ఈ మాట వింటాను. ఆ వెంటనే రెండో మాట: “అయినా నేర్పిస్తే హైదరాబాద్ వెళ్లిపోతారు కదా!” మొదటి మాట నిజమైతే రెండో భయం అక్కర్లేదు. ఏమీ నేర్చుకోని మనిషిని హైదరాబాద్ మాత్రం ఎందుకు పిలుస్తుంది? సరే, ఒక్కొక్కరికీ ఫోనులో విడివిడిగా చెప్పేకన్నా నేను యూనిట్లలో చేయించే పని మొత్తం ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇది 10 నుంచి 60 మంది దాకా పనిచేసే చోట్లకు సరిపోతుంది. లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్) షాపు, ఫ్యాబ్రికేషన్ షెడ్డు, అట్టపెట్టెల యూనిట్, రైస్ మిల్లు, ఏదైనా సరే. శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నను మొదట పక్కన పెట్టండి. రూపాయి ఎక్కడ జారిపోతోందో ముందు పట్టుకోవాలి. అది ఏ పని దగ్గర జారుతోంది, ఆ పని ఎవరి చేతుల్లో ఉంది అన్నవి తర్వాత వస్తాయి. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: ఎవరో కోర్సు ఉందని చెబుతారు, ఖాళీగా ఉన్న ఇద్దరిని పంపిస్తారు, సర్టిఫికెట్లు వచ్చి ఆఫీసు గోడకు వేలాడతాయి.

కావలసినవి

- గత 3 నెలల రిజెక్షన్ పుస్తకం. లేకపోతే కస్టమర్ తిప్పి పంపిన సరుకు చలాన్లు, డబ్బు కోసుకున్నట్టు రాసిన డెబిట్ నోట్లు. అవీ లేకపోతే రేపటి నుంచి రెండు వారాలు రాయించి, ఆ తర్వాత మొదలుపెట్టండి.
- హాజరు పట్టీ, ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క.
- పెద్ద చార్టు పేపరు, పెన్సిలు, రబ్బరు. స్కెచ్ పెన్ను వద్దు, ఎందుకంటే ఇందులో రాసేది నెలనెలా మారుతుంది.
- ఫోర్‌మన్ లేదా సూపర్‌వైజర్, ఆయనతోపాటు తోటివాళ్లు మాట వినే ఒక పాత ఆపరేటర్.
- యజమాని సమయం, రోజుకు రెండు గంటల చొప్పున నాలుగు రోజులు. అన్నింటిలో దొరకనిది ఇదే.

కంప్యూటర్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో చేసిన పట్టిక ఆఫీసు దాటి రాదు. చార్టు పేపరు షెడ్డులో ఉంటుంది, దాని ముందు మనుషులు నిలబడి వాదించుకుంటారు. ఆ వాదనలోంచే సగం నిజం బయటికి వస్తుంది.

1. నష్టాన్ని ఒక్క వాక్యంలో రాయండి

“నాణ్యత పెరగాలి”, “ఉత్పత్తి పెంచాలి” అని రాస్తే ఆ కాగితం చింపేయండి. వాక్యంలో మూడు ఉండాలి: ఏ సరుకు, ఇప్పుడు ఎంత, ఏ తేదీకి ఎంత. ఉదాహరణకు, ఒక లేత్ షాపు నెలకు 4,000 బుష్‌లు (యంత్రాల్లో తొడిగే చిన్న గొట్టం ముక్కలు) చేస్తోంది, 240 తిరిగి వస్తున్నాయి అనుకుందాం. అంటే నూటికి 6. ఒక్కో బుష్‌కు మెటీరియల్, మిషన్ సమయం కలిపి 180 రూపాయలు పడితే నెలకు 43,200 రూపాయలు తుక్కులోకి పోతున్నట్టు. అప్పుడు వాక్యం ఇలా ఉంటుంది: “దీపావళి నాటికి తిరిగి వచ్చే బుష్‌లు నూటికి 6 నుంచి 2కు తగ్గాలి.” అది జరిగితే నెలకు 28,800 రూపాయలు మిగులుతాయి. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, 7వ మెట్టులో మళ్లీ అవసరమవుతుంది.

రైస్ మిల్లయితే అంకె మీ చేతిలోనే ఉంది. ప్రభుత్వ ధాన్యం ఆడించి ఇచ్చేటప్పుడు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. మీ మరలో అంతకన్నా తక్కువ పడుతోందా, నూక ఎంత పోతోంది అన్నది రోజూ కాటా దగ్గరే తెలుస్తుంది.

లక్ష్యం ఒక్కటే పెట్టుకోండి. మూడు రాస్తే సూపర్‌వైజర్ తనకు సులువైనదాన్ని చూసుకుంటాడు, మిగతా రెండింటి గురించి నెలాఖరున కథలు చెబుతాడు. ఏది ముందు అన్న సందేహం వస్తే తుక్కు, రీవర్క్ (మళ్లీ సరిచేసే పని), ఆలస్యానికి పడిన కోత, ఓటీ అని నాలుగు గీతలు గీసి, మూడు నెలల లెక్క రూపాయల్లో వేయండి. పెద్ద అంకె ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి. నేను చూసిన చాలా చోట్ల యజమాని ఊహించినది పెద్ద అంకె కాలేదు.

2. అది నైపుణ్యం లోపమేనా అని తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

పరీక్ష చాలా సులువు. మీ దగ్గరున్న అందరికన్నా మంచి ఆపరేటర్‌ను తప్పులు వస్తున్న మిషన్ మీద, అదే మెటీరియల్‌తో ఒక షిఫ్టు నిలబెట్టండి. తప్పులు ఆగితే నేర్పాల్సిన అవసరం ఉన్నట్టే. ఆగకపోతే లోపం మిషన్‌లో, మెటీరియల్‌లో, లేదా కొలిచే పరికరంలో ఉంది. మనుషులకు ఎంత నేర్పినా అది పోదు. తర్వాత దాన్నే తిప్పి చూడండి: తప్పులు చేస్తున్న మనిషిని మంచి మిషన్ మీదికి పంపండి.

మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో నూక పెరిగిందని, ఆపరేటర్‌కు శిక్షణ కావాలని పిలిచారు. వానాకాలం పంట, పచ్చి బియ్యం ఆడిస్తున్నారు. ఆపరేటర్ పొద్దున్నుంచీ రబ్బరు రోలర్ల సందు సర్దుతూనే ఉన్నాడు, పాపం! నేను పోయి ధాన్యం దించే చోట నిలబడ్డాను. గుమాస్తా ప్రతి లారీలోంచి గుప్పెడు తీసి, రెండు గింజలు పంటికింద కొరికి, “ఎండింది, దించండి” అంటున్నాడు. తేమ మీటరు లేదా అని అడిగితే ఉంది. యజమాని గదిలో, బీరువాలో, బ్యాటరీ లేకుండా! ఎండినదీ పచ్చిదీ ఒకే రాశిలో కలిసి మరలోకి పోతుంటే, ఎంత గొప్ప ఆపరేటర్ ఉన్నా నూక ఆగదు. శిక్షణ అవసరమైంది గుమాస్తాకు, అదీ పది నిమిషాలు. ఆపరేటర్‌కు కావలసింది ఒకే తేమ ఉన్న ధాన్యం.

జాగ్రత్త: ఈ పరీక్ష చేసేటప్పుడు “ఎవరు బాగా చేస్తారో చూద్దాం” అని పోటీ పెట్టకండి. మిషన్‌ను పరీక్షిస్తున్నామని చెప్పండి. చెప్పినట్టే చేయండి.

3. పని వెంట నడవండి, పనులుగా విడదీయండి

కుర్చీలో కూర్చుని ఈ జాబితా రాయకూడదు. ముడిసరుకు దిగిన చోటు నుంచి లారీ ఎక్కే చోటు దాకా ఒక సరుకు వెంట నడవండి. చేసే ప్రతి పనినీ క్రియతో రాయండి. “లేత్ పని” అని రాస్తే ఎందుకూ పనికిరాదు. బుష్ సంగతే తీసుకుంటే: డ్రాయింగ్ చదవడం, చక్‌లో (ముక్కను పట్టుకునే దవడల్లో) బిగించడం, అరిగిన ఇన్సర్ట్ (కోసే మొన) మార్చడం, ఆఫ్‌సెట్ వేయడం (ఆ మొన స్థానాన్ని సరిదిద్దడం), మొదటి ముక్క కొలవడం, ప్రతి ఇరవయ్యో ముక్క కొలవడం, అంచుల గరుకు తీయడం, నూనె రాసి ప్యాక్ చేయడం.

మీ లక్ష్యానికి సంబంధించిన పనులు మాత్రమే ఉంచండి. ఎనిమిది మించితే మళ్లీ కత్తిరించండి. నేను మొదటిసారి చేసిన పట్టికలో 31 నిలువు వరుసలు ఉండేవి. ఎంతో గర్వంగా గోడకు అంటించాను. వారం తర్వాత దాని మీద ఎవరో టీ గ్లాసుల లెక్క రాసుకున్నారు.

ఎక్కడ తప్పు జరిగితే సరుకు మంచిదానిలాగే కనిపిస్తూ ముందుకు పోతుందో, ఆ పనికి చుక్క పెట్టండి. గరుకు మిగిలితే చేతికి తెలుస్తుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. కొలత తప్పితే చూడ్డానికి తెలియదు. చుక్క కొలత పనికే.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. చౌటుప్పల్ దగ్గరి ఒక షెడ్డులో 50 మిల్లీమీటర్ల స్టీలు బుష్‌లు చేస్తున్నారు. బయటి వ్యాసం డ్రాయింగ్ చెప్పినదానికన్నా 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు తగ్గవచ్చు, పెరగకూడదు. మిషన్ దగ్గర కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కస్టమర్ దగ్గర కొలిస్తే కొన్ని సన్నగా తేలుతున్నాయి. తిరిగి వచ్చిన పెట్టెలన్నీ విప్పి, ఏ షిఫ్టువో చూస్తే ఒకే ఒక ఆపరేటర్ చేసినవి ఒక్కటీ లేవు. అందరికన్నా పెద్దాయన. యజమానికి ఆయనంటే చిరాకు. “ముక్క తీసి ఇనుప పలక మీద పెట్టి టీకి వెళ్లిపోతాడండీ, ఆయన లెక్క రోజుకు అందరికన్నా తక్కువ” అన్నాడు.

ఆ టీలోనే ఉంది రహస్యం. కూలెంట్ (కోసేచోట చల్లబరిచే ద్రవం) సరిగా పడని మిషన్ మీద ముక్క వేడిగా బయటికి వస్తుంది. స్టీలు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల ముక్క 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 18 మైక్రాన్లు లావుగా కనబడుతుంది. ఉన్నదే 25 మైక్రాన్ల సందు, అందులో 18 వేడి తినేసింది. కుర్రాళ్లు వేడి ముక్కను కొలిచి, సరిపోయిందనుకుని, ఆ సెట్టింగ్ మీదే మిగతావి చేసేస్తున్నారు. చల్లారాక అవి సన్నబడుతున్నాయి. పెద్దాయన మాత్రం మొదటి ముక్కను చల్లారనిచ్చి కొలుస్తున్నాడు. ఎందుకలా చేస్తారని అడిగితే, “వేడిమీద కొలత అబద్ధం చెబుతుంది” అన్నాడు. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయనను ఎవరూ అడగలేదు.

అందుకే పని వెంట నడవమంటున్నాను. మీరు సోమరితనం అనుకుంటున్నదానిలో మీ ఫ్యాక్టరీలోకెల్లా విలువైన నైపుణ్యం దాగి ఉండవచ్చు.

4. చార్టు గీయండి

ఎడమ వైపు పేర్లు, పైన పనులు. ప్రతి గడిలో ఒక సున్నా గీసి, దాన్ని నాలుగు భాగాలు చేయండి.

- ఏ భాగమూ నింపకపోతే: తెలియదు.
- ఒక భాగం: పక్కన మనిషి ఉంటే చేస్తాడు.
- రెండు: ఒంటరిగా చేస్తాడు, తర్వాత ఒకరు చూడాలి.
- మూడు: ఒంటరిగా, సమయానికి, కొలత తప్పకుండా చేస్తాడు.
- నాలుగు: ఇంకొకరికి నేర్పగలడు.

ఎవరు నింపాలి? ఆ మనిషి, సూపర్‌వైజర్, పాత ఆపరేటర్, ముగ్గురూ కలిసి. ముగ్గురి మాటా కలవని గడి దగ్గర పని చేయించి చూడండి. వాదన అక్కడితో ఆగిపోతుంది. యజమాని ఒక్కరే కూర్చుని నింపితే తనకు నమ్మకమైనవాళ్లందరికీ నాలుగు భాగాలూ నిండుతాయి. నమ్మకం వేరు, మైక్రోమీటర్ చూపే కొలత వేరు.

ఆడవాళ్ల పేర్లు వదిలేయకండి. ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసేవారిని చాలాచోట్ల హెల్పర్లుగా రాసి, చార్టులోకే ఎక్కించరు. అట్టపెట్టెల యూనిట్‌లో జిగురు సరిగా పట్టని పెట్టెను చేతి స్పర్శతో పట్టుకునేది వాళ్లే. రోజుకు వేల ముక్కలు చేతిలోంచి పోతుంటే కంటికి వచ్చే పదును కోర్సులో రాదు.

చార్టు నిండాక అడ్డంగా కాదు, నిలువుగా చదవండి. చుక్క పెట్టిన ప్రతి పనికీ మూడు భాగాలు నిండినవాళ్లు కనీసం ఇద్దరు ఉన్నారా? వాళ్లలో ఒకరైనా నేర్పగలవాడా? ఒక్కరే ఉంటే మీది ఒంటి స్తంభపు మేడ. “బతుకమ్మ, దసరాకు ఆయన ఊరెళ్తే ఎవరు?” అని అడగండి. పెళ్లిళ్ల ముహూర్తాలున్న వారం హాజరు పట్టీ తీసి చూస్తే జవాబు ముందే రాసి ఉంటుంది.

జాగ్రత్త: ఈ చార్టును చూపించి ఒక్కరికైనా జీతం తగ్గిస్తే, పండగ బోనస్‌లో కోత పెడితే, అది ఆ రోజే చచ్చిపోతుంది. మళ్లీ ఎవరూ “నాకు రాదు” అని నిజం చెప్పరు. ముందు ఒక్కొక్కరితో మాట్లాడి, ఆ తర్వాతే గోడకు అంటించండి.

లైసెన్సు కావలసిన పనులకు చార్టు చెల్లదు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర అర్హత సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలి. పదేళ్లుగా ఊక వేస్తున్న మనిషికి పని ఎంత బాగా వచ్చినా, అతని గడిలో నాలుగు భాగాలు నింపి మిమ్మల్ని మీరు మోసగించుకోకండి. అతన్ని సర్టిఫికెట్ పరీక్షకు పంపించండి.

5. ఖాళీని ఎలా నింపాలో ఎంచుకోండి

నాలుగు దారులున్నాయి. అందరూ చివరి దారుల నుంచి మొదలుపెడతారు.

లోపలే నేర్పించడం. చార్టులో నాలుగు భాగాలు నిండిన మనిషి ఉంటే వేరే ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. చాలా ఖాళీలు దీంతోనే నిండుతాయి. ఎలా నేర్పాలో 6వ మెట్టులో ఉంది.

మిషన్ అమ్మినవాళ్లతో నేర్పించడం. సార్టెక్స్ (రంగు మారిన బియ్యపు గింజల్ని ఏరేసే మిషన్) బిగించడానికి, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్ సర్వీసుకు వచ్చే ఇంజనీరు ఎలాగూ వస్తాడు. అప్పుడు ఒక్కరిని కాదు, ఇద్దరిని పక్కన నిలబెట్టండి. కొత్త మిషన్ కొంటుంటే ఎన్ని రోజులు నేర్పుతారో ఆర్డరులోనే రాయించండి. ధర బేరం ముగిశాక అడిగితే ఎవరూ వినరు.

బయటి కోర్సు. టూలింగ్, సీఎన్‌సీ, కొలతల పనులకు హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968 నుంచి నడుస్తోంది, చిన్న కోర్సులు కూడా ఉంటాయి. ఇది మన మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ కాదు. ఒకాయన మనిషిని అక్కడికి పంపి సాయంత్రం దాకా ఎదురుచూశాడు. పంపేముందు చార్టులోని ఏ గడి కోసం పంపుతున్నారో కాగితం మీద రాసి మనిషి చేతికివ్వండి. తిరిగొచ్చాక ఆ గడినే పరీక్షించండి. రాయడానికి గడి తోచకపోతే పంపకండి.

కొత్తవాళ్లను తీసుకోవడం. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీఐల నుంచి అప్రెంటిస్‌లను అడగండి. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్న సంస్థలకు అది ఇష్టాన్ని బట్టి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అయితే అప్రెంటిస్‌ను చవక హెల్పర్‌గా చూసి ఏడాదంతా ఊడ్పించకండి. మొదటి నెలలోనే అతని పేరు చార్టులో ఎక్కాలి.

6. మిషన్ దగ్గర నేర్పండి

ఒకసారికి ఒక్క పని, ఒక్క మనిషి, అరగంట. ఉపన్యాసం వద్దు.

నేర్పేవాడు మొదట ఆ పనిని మాట్లాడకుండా చేసి చూపాలి. రెండోసారి ఏం చేస్తున్నాడో చెబుతూ, మూడోసారి ఎందుకు చేస్తున్నాడో చెబుతూ చేయాలి. తర్వాత నేర్చుకునేవాడు చేయాలి. చేస్తూ తానే చెప్పాలి: ఏమిటి, ఎందుకు. “అర్థమైందా?” అని ఎవరినీ అడగకండి. మన దగ్గర ఆ ప్రశ్నకు ఉన్నది ఒక్కటే జవాబు, “అర్థమైంది సార్!”

మొదటి ముక్క కొలవడం నేర్పేటప్పుడు మేము రాసుకున్న వరుస ఇది. మీ పనికి తగ్గట్టు ఇలాగే ఒకటి రాసుకోండి.

- ముక్కను గుడ్డతో తుడవాలి. నూనె, చిన్న తుక్కు ముక్క ఉన్నా కొలత మారుతుంది.
- ఇనుప పలక మీద పెట్టి, షెడ్డు వేడికి వచ్చేదాకా ఆగాలి. చెంపకు ఆనిస్తే వెచ్చగా తగలకూడదు. తొందరగా ఉంటే కూలెంట్‌లో ముంచి తీసి, తుడిచి, అప్పుడు పలక మీద పెట్టాలి.
- మైక్రోమీటర్ సున్నా చూసుకోవాలి. దాన్ని ఎండలో, మిషన్ మీద వదలకూడదు.
- మైక్రోమీటర్ చివరనున్న చిన్న పిడి, అంటే రాట్‌చెట్‌తోనే బిగించాలి. మూడు టక్కులు వినిపించాక ఆపాలి. గొట్టాన్ని పట్టుకుని తిప్పితే ఒక్కో చేతికి ఒక్కో కొలత వస్తుంది.
- రెండు చోట్ల, అడ్డంగా తిప్పి కొలవాలి. రెండు అంకెలూ రాయాలి.

అలవాటుగా జరిగే తప్పు ఒకటుంది: నేర్పే మనిషిని ఆ అరగంటా తన ఉత్పత్తి లెక్క నుంచి మినహాయించరు. అప్పుడాయన ఎందుకు నేర్పుతాడు? గంటకు ఇన్ని ముక్కలని ఆయన మెడ మీద కూర్చుని, “కుర్రాడికి కూడా కాస్త చూపించు” అంటే కుదరదు. ఆ సమయాన్ని లెక్కలోంచి తీసేసి, తీసేసినట్టు ఆయనకు చెప్పండి.

మీ పనివాళ్లలో హిందీ మాట్లాడేవారు ఉంటే గోడమీది కాగితం తెలుగులో మాత్రమే ఉంచితే చాలదు. 2020 మేలో, లాక్‌డౌన్ నడుస్తుండగానే, రైస్ మిల్లుల పనికి బీహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలను ప్రత్యేక రైల్లో లింగంపల్లికి రప్పించిన సంగతి గుర్తుందా? మన మిల్లులు అంతగా వాళ్ల మీద ఆధారపడి ఉన్నాయి. వాళ్లకు ఫొటోలతో చెప్పండి. సరైన పని ఫొటో, తప్పు పని ఫొటో పక్కపక్కన పెట్టి, తప్పుదాని మీద పెద్ద అడ్డగీత గీయండి. సీజన్‌కు మనుషులు మారిపోతుంటే, ఏటా మారని ఇద్దరు స్థానికులను నేర్పేవాళ్లుగా తయారుచేయడమే మీ లక్ష్యం కావాలి. వానాకాలం, యాసంగి ధాన్యం రాకముందు మర ఖాళీగా ఉండే వారాలు దీనికి సరైన సమయం. లారీలు బారులు తీరాక ఏ మంచి మాటా ఎవరి చెవికీ ఎక్కదు.

7. డబ్బు సంగతి ముందే చెప్పండి

“నేర్పిస్తే వెళ్లిపోతారు” అన్నదానికి నా జవాబు ఇక్కడుంది.

వెళ్తారు, కొందరు తప్పకుండా వెళ్తారు. పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఫార్మా కంపెనీలున్నాయి. దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో పునాది పడింది. దండుమల్కాపురం పారిశ్రామిక పార్కులో ఒక గేటు నుంచి పక్క గేటుకు నడిచి వెళ్లి చేరవచ్చు. మీరు ఆపలేరు. చుక్క పెట్టిన ప్రతి పనికీ ఇద్దరిని తయారుచేయమన్నది అందుకే. ఒకరు వెళ్లినా మిషన్ ఆగకూడదు.

మిగిలేవాళ్ల కోసం, చుక్క పనిలో మూడు భాగాలు నిండినవారికి నెలకు ఇంత, నాలుగు నిండి ఇంకొకరిని మూడుకు తెచ్చినవారికి ఇంత అని ముందే ప్రకటించండి. మన బుష్‌ల లెక్కలో నెలకు 28,800 రూపాయలు మిగలాలి. అందులోంచి నలుగురికి వెయ్యేసి ఇచ్చినా 4,000. మొదటి నెల మీ జేబులోంచి పోతుంది, ఆ తర్వాత మిగులులోంచి వస్తుంది. “మీరు బాగా చేస్తే చూస్తాను” అన్న మాటకు మాత్రం షెడ్డులో ఏ విలువా లేదు. దాన్ని వాళ్లు చాలాసార్లు విన్నారు.

ముక్కల లెక్కన కూలి ఇస్తున్న చోట ఇంకో చిక్కు. చల్లారనిచ్చి కొలవమని ఒకవైపు చెబుతూ, ముక్కకు ఇంత అని ఇంకోవైపు ఇస్తే ఎవరూ ఆగరు. మొదటి ముక్క కొలిచే సమయానికి విడిగా కట్టండి.

వెళ్లకుండా ఉంచడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే పని చేయకండి. అది తప్పు. పైగా మంచి మనిషి ఆ షరతు వినగానే గేటు దగ్గరి నుంచే తిరిగి వెళ్లిపోతాడు.

8. ఫలితం వచ్చిందో లేదో చూడండి

సర్టిఫికెట్లు, హాజరు, “బాగుంది సార్” అన్న మాటలు ఏవీ లెక్కలోకి రావు. చూడాల్సినవి మూడు.

1వ మెట్టులో రాసిన అంకె. వారానికి ఒకసారి, చార్టు పక్కనే రాయాలి. రెండు వారాలకే చూసి నిరాశపడకండి. తిరిగి వచ్చే సరుకు ఎప్పుడో పాత షిఫ్టులో చేసినది కావచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. పోల్చేటప్పుడు ఒకే సరుకును ఒకే సరుకుతో పోల్చండి. ఎండల్లో కోతకొచ్చే యాసంగి ధాన్యం పచ్చి బియ్యానికి ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది, ఉప్పుడు బియ్యం చేసేది అందుకే. దాన్ని వానాకాలం అంకెతో పోల్చి ఆపరేటర్‌ను తిట్టడం అన్యాయం.

చార్టులోని నిలువు వరుసలు. ఒంటి స్తంభాలు ఎన్ని తగ్గాయి?

చెప్పకుండా మార్చి చూడటం. ఒక మామూలు మంగళవారం ముఖ్యమైన ఆపరేటర్‌ను వేరే పనికి పంపి, రెండో మనిషిని నిలబెట్టండి. ఆ షిఫ్టు సరుకును విడిగా కొలవండి. చార్టు నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో సాయంత్రానికి తెలిసిపోతుంది. పెద్ద ఆర్డరు పంపాల్సిన రోజున ఈ ప్రయోగం చేయకండి.

ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే:

చార్టు నిండింది, అంకె కదలలేదు. మీరు చుక్క పెట్టిన పని తప్పు, లేదా లోపం నైపుణ్యంలో లేదు. 2వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

అంకె తగ్గింది, చార్టు మారలేదు. సంతోషపడకముందు తుక్కు డబ్బా చూడండి. చివరి తనిఖీలో ఎక్కువ పట్టుకుని లోపలే పారేస్తుంటే కస్టమర్ దగ్గర నుంచి తిరిగి రావడం తగ్గుతుంది, మీ నష్టం మాత్రం అంతే ఉంటుంది. తిరిగి వచ్చినవీ, లోపల పారేసినవీ కలిపి లెక్క వేయండి.

అంకె తగ్గింది, మనిషి మారగానే మళ్లీ పెరిగింది. ఒక్కరే నేర్చుకున్నారు. రెండో మనిషి కోసం 6వ మెట్టు మళ్లీ మొదలు.

చార్టును ఎప్పుడు తిరగరాయాలని అడుగుతుంటారు. మనిషి చేరినప్పుడు, వెళ్లినప్పుడు, కొత్త మిషన్ దిగినప్పుడు, కస్టమర్ డ్రాయింగ్ మార్చినప్పుడు. ఇవేవీ జరగకపోయినా మూడు నెలలకు ఒకసారి. ప్రతి గడి కింద పెన్సిలుతో చిన్నగా తేదీ వేయించండి. ఆరు నెలలుగా ఆ పని ముట్టుకోని మనిషి గడిలో ఒక భాగం చెరిపేసి, మళ్లీ చేయించి చూశాకే నింపండి.

ఆ చౌటుప్పల్ షెడ్డులో ఇప్పుడు మిషన్ పక్కన ఇనుప పలకకు తోడు చిన్న టైమరు కూడా ఉంది, మొదటి ముక్క చల్లారేదాకా ఆగడానికి. పెద్దాయన దాన్ని వాడరు. ఆయన లెక్క ఇప్పటికీ టీ గ్లాసే.